గోడ మీద పెన్సిలు గీత

పడమటింట్లో అమ్మ మంచం పక్కన గోడకి చెమ్మ ఎంత ఎత్తు వచ్చిందో చూద్దామని పెన్సిలుతో ఒక గీత గీసి పక్కన తారీకు రాశాను. అది 2022 ఆగస్టు. గీత నా మోకాలికి జానెడు పైన ఉంది. సంక్రాంతికి వెళ్లి చూస్తే చెమ్మ ఆ గీత దాటి ఇంకో నాలుగు వేళ్లు పైకి పాకింది. అప్పటికి వానలు తగ్గి నెల దాటింది. పెంకులు కారడం వల్లే గోడ నానుతోందని అప్పటిదాకా అందరం అనుకుంటున్నాం. వాన లేకపోయినా పైకి ఎక్కుతోందంటే నీళ్లు కింద నించే వస్తున్నాయన్నమాట. మాది డెల్టా. దాళ్వాకి, అంటే రెండో వరి పంటకి, కాలవలు పారుతున్నన్నాళ్లూ నేల లోపల తడి ఆరదు. మా నూతిలో చేద ముంచడానికి రెండు బారల తాడు చాలు.

మా ఊరు అంబాజీపేటకి దగ్గర. ఇల్లు తాతయ్య 1958లో కట్టించిన పెంకుటిల్లు. వీధి అరుగు, వసారా, నడవ, అటొక గది ఇటొక గది, వెనక వంటిల్లు, పెరడు, నుయ్యి. గోడలు అడుగున్నర మందం, ఇటుకని సున్నంతో కట్టినవి. పైన టేకు దూలాలు, తాటి వాసాలు, మంగుళూరు పెంకు. అమ్మ ఒక్కతే ఉంటుంది. నేను హైదరాబాదులో, తమ్ముడు డల్లాస్‌లో.

2011లో తమ్ముడి పెళ్లికి ఆ ఇంటిని 'మోడల్' మార్చాం. మార్చింది నేనే, తప్పు వేరేవాళ్ల మీదకి తోయలేను. సున్నం పూత అక్కడక్కడా రాలుతోందని గోడలన్నిటికీ సిమెంటు పూత వేయించాను. దాని మీద పుట్టీ, పుట్టీ మీద నిగనిగలాడే ప్లాస్టిక్ పెయింటు. ఎర్ర గచ్చు పాతగా ఉందని దాని మీదే తెల్లటి టైల్స్. పెరడు బురదగా ఉందని నూతి గట్టు నించి వంటింటి గోడ దాకా సిమెంటు చప్టా. పెళ్లికొచ్చినవాళ్లంతా "ఇల్లు కొత్తింటిలా ఉందే" అన్నారు. ఆ మాట కోసమే చేశాం మరి. రెండో వర్షాకాలానికే పడమటింటి గోడ అడుగున పెయింటు అప్పడంలా పొంగింది. గోకించి మళ్లీ పుట్టీ పెట్టించాం. మళ్లీ పొంగింది. పదేళ్లలో అలా నాలుగుసార్లు.

ఆ సంక్రాంతి తర్వాత హైదరాబాదులో ఒక ఇంటీరియర్ కంపెనీకి ఫోటోలు చూపించాను. పేరు అనవసరం. పెంకులు కనబడకుండా ఫాల్స్ సీలింగు, చెమ్మ పట్టిన గోడకి నడుం ఎత్తు దాకా పీవీసీ ప్యానెళ్లు, దాంట్లోనే టీవీ యూనిట్. అన్నీ కలిపి తొమ్మిది లక్షలు. "ప్యానెల్ వేశాక చెమ్మ అస్సలు కనిపించదు మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి. బొమ్మలు చాలా బాగున్నాయి, ఒప్పుకోవాలి. తమ్ముడికి పంపిస్తే వాడు వెంటనే "సూపర్ అక్కా, కానిచ్చేయ్" అన్నాడు. నేనూ సగం ఒప్పేసుకున్నాను. అడ్వాన్సు కట్టే ముందు ఒకసారి మా ఊళ్లో గుడి మంటపానికి సున్నం పని చేసిన ముసలి మేస్త్రిని పిలిపించి చూపించమని అమ్మ పట్టుబట్టింది.

ఆయనకి డెబ్బై ఏళ్లు ఉంటాయి. వేళ్ల చివర్లు సున్నానికి చీలి చీలి ఎండిన చెప్పు తోలులా ఉన్నాయి. గోడని తట్టి చూడలేదు, గీకి చూడలేదు. గోడ అడుగున రాలిన తెల్లటి పొడిని వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. "ఉప్పండి" అన్నాడు. తర్వాత నన్నే అడిగాడు. "అమ్మాయిగారూ, మీరు పెట్టించారా ఈ సిమెంటు?"

ఆయన చెప్పింది నాకర్థమైనంత వరకు ఇదీ. పాత ఇళ్లకి పునాది మీద చెమ్మ ఆపే పొర ఉండదు. నేలలో తడి ఇటుకలోకి పాకుతూనే ఉంటుంది, అది తాతల కాలంలోనూ పాకింది. కానీ సున్నం పూతకి సన్నటి రంధ్రాలుంటాయి, పాకిన తడి పాకినట్టే గాలికి ఆరిపోతుంది. మేం దాని మీద సిమెంటు, పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు మూడు పొరలు కప్పేసరికి తడికి బయటికి దారి లేకుండా పోయింది. దారి దొరికేదాకా పైకి ఎక్కుతుంది. తడితోపాటు నేలలోని ఉప్పు కూడా వస్తుంది, తడి ఆరిన చోట గడ్డకట్టి పెయింటుని పెచ్చులు పెచ్చులుగా తోసేస్తుంది. ప్యానెల్ వేస్తే దాని వెనక ఇదంతా చీకట్లో జరుగుతుంది, అంతే తేడా. పైగా మా చప్టా వాటం వంటింటి గోడ వైపుకే ఉంది. పెరట్లో పడ్డ వానంతా పదకొండేళ్లుగా తిన్నగా పునాదిలోకి పోస్తున్నామన్నమాట.

మార్చిలో పని మొదలైంది. పనంటే కట్టడం కాదు, ఊడదీయడం. కుర్రాళ్లు ఇద్దరు డ్రిల్లింగ్ మిషన్ తెచ్చి గంటలో గదంతా చెక్కేస్తామన్నారు. అరగంటలోనే నా గుండె జారిపోయింది. సిమెంటు పెచ్చుతో పాటు ఇటుక ముఖం కూడా ఊడొస్తోంది. లోపల ఇటుక మెత్తగా, తడిసిన బెల్లంలా ఉంది. మేస్త్రి వచ్చి మిషన్ ఆపించి ఉలి, సుత్తి ఇచ్చి కూర్చోబెట్టాడు. గంట పని నాలుగు రోజులైంది. కూలి అయిదింతలైంది. నడుం ఎత్తు దాకా చెక్కితే చాలనుకున్నాను గానీ, చెమ్మ ఎక్కిన గీతకి పైన ఇంకో అడుగున్నర చెక్కాలన్నాడు. అలా నాలుగున్నర అడుగుల దాకా ఇటుకలు బయటపడ్డ గోడల మధ్య అమ్మ రెండు నెలలు కాపురం చేసింది. చుట్టాలొస్తే "మా అమ్మాయి ఇల్లు బాగుచేయిస్తోంది" అని చెప్పేది. వాళ్లు గోడల వంక చూసి ఊరుకునేవారు.

చప్టా పగలగొట్టడం మాత్రం మహా సులువు. రెండు రోజులు. ఆ సిమెంటు ముక్కలే పెరటి దారికి కింద పరుపుగా వేయించాం, రవాణా ఖర్చు కలిసొచ్చింది.

సున్నం నానబెట్టిన రోజు మాత్రం నేను సెలవు పెట్టి మరీ ఉన్నాను. పెరట్లో నడుం లోతు గొయ్యి తవ్వి, అడుగునా చుట్టూ ఇటుకలు పేర్చి, నీళ్లు నింపారు. కాల్చిన గుల్ల సున్నం గంపల్లో ఉంది, చూడ్డానికి విరిగిన పింగాణీ ముక్కల్లా. "నీళ్లలో సున్నం పొయ్యాలండి. సున్నం మీద నీళ్లు పొయ్యకూడదండి, చిమ్మిందంటే కళ్లు పోతాయి" అంటూ మేస్త్రి గంప వంచాడు. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత అడుగు నించి ఒక్కొక్క బుడగ. ఆ తర్వాత గొయ్యంతా అన్నం గుండిగలా కుతకుతలాడింది. తెల్లటి ఆవిరి మామిడికొమ్మ దాకా లేచింది. చుట్టూ నిలబడ్డవాళ్లం రెండేసి అడుగులు వెనక్కి వేశాం. హైదరాబాదు నించి నేను తీసుకెళ్లిన కళ్లద్దాలు ఆయన నా మాట కాదనలేక పెట్టుకున్నాడు గానీ, కళ్లకి కాదు, నుదుటి మీదికి. నేను మళ్లీ మళ్లీ చెప్తే "ఆయ్, అలాగేనండి" అని కిందికి లాగి, నేను తల తిప్పగానే పైకి నెట్టేవాడు. అమ్మ వంటింటి గుమ్మంలోంచి "తాంబూలంలోకి కాస్త తీసి పక్కన పెట్టమనవే" అని కేకేసింది. ఆ సున్నం నెలకి పైగా నీళ్ల కింద ఊరి, మీగడ పెరుగులా తయారైంది.

ఏప్రిల్లో పైకప్పు. సుమారు 1400 పెంకులు దింపి, కడిగి, వేలితో మీటి చూశారు. కంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే బీట ఉన్నట్టు. 230 పోయాయి. పెంకు తిరగేస్తే కింద కంపెనీ అచ్చు ఉంటుంది. ఈ రకం పెంకు మన దేశంలో మొదట చేసింది 1865లో, మంగుళూరులో బాసెల్ మిషన్ వాళ్లు. తర్వాత నేత్రావతి ఒడ్డున వరసగా కార్ఖానాలు వెలిశాయి. ఆ మాట మేస్త్రికి చెప్తే "మావి అన్నేళ్లవి కావులెండి" అని నవ్వాడు. చిక్కంతా కొత్తవి కలపడంలో వచ్చింది. పక్కూళ్లో పడగొట్టిన ఇంటి పెంకులు చవగ్గా దొరికాయని లెక్కపెట్టి మరీ తెచ్చాను. అచ్చు వేరు. మా పెంకు గాడిలో అది కూర్చోదు, సందులోంచి ఆకాశం కనిపిస్తుంది. చివరికి ఉన్న పాతవన్నీ వీధివైపు వాలుకి సర్ది, తెచ్చినవన్నీ పెరటివైపు వాలులో ఒకేచోట వేశారు. చాలక మళ్లీ 90 కొన్నాం. మీరెవరైనా పాత పెంకులు కొనేట్టయితే మీ ఇంటి పెంకు ఒకటి సంచిలో వేసుకెళ్లండి, అక్కడే గాడి కలిపి చూసుకోండి. నాకిది ఒక ట్రాక్టరు బాడుగ ఖరీదు చేసిన తెలివి.

వాసాల్లో రెండు కర్రతో కొడితే డొల్లగా మోగాయి. పైన గట్టిగానే ఉన్నాయి, లోపలంతా చెదలు. వాటి చోట చేవదేరిన తాటి వాసాలు ఎక్కించి జీడిపిక్కల నూనె పూశారు. ఆ నూనె నల్లగా, బెల్లం పాకంలా ఉంటుంది. ఎలా ఉందో చూద్దామని వేలు పెట్టాను. సాయంత్రానికి వేలు మీద బొబ్బ లేచింది. వడ్రంగి "చెప్పేలోపే పెట్టేశారండి" అన్నాడు.

పెరటివైపు వాలు ఇంకా విప్పే ఉంది, మే మొదటివారంలో అకాల వాన పట్టుకుంది. రాత్రి పదింటికి అమ్మ ఫోను. ఊళ్లో ధాన్యం కప్పుకోవడానికి తీసిన బరకాలన్నీ కళ్లాల్లో ఉన్నాయి, మాకొక్కటి దొరకలేదు. చివరికి పక్కింటి మావయ్యగారు వాళ్ల టెంటు హౌసు పరదాలు పంపారు. పెళ్లి పందిరి కింద ఉన్నట్టు ఎర్రటి పరదాల కింద అమ్మ రెండ్రోజులు వండుకుంది. నేను హైదరాబాదులో టెన్షన్‌తో చచ్చాను, ఆవిడకి మాత్రం సరదాగానే ఉన్నట్టుంది.

మే నెలాఖరుకి గోడలు పూతకి సిద్ధమయ్యాయి. పాళ్లు సున్నం ఒకటి, జల్లెడపట్టిన ఇసక మూడు, అందులో కొంచెం ఇటుక పొడి. కలపడానికి మామూలు నీళ్లు కాదు, కరక్కాయలు కచ్చాపచ్చాగా దంచి బెల్లంతో వారం నానేసిన నీళ్లు. ఆ కుండ దగ్గరికి వెళ్తే కల్లు పాక గుర్తొస్తుంది. పూత పలచగా, అర అంగుళానికి మించకుండా ఒక వరస, అది గట్టిపడ్డాక ఇంకో వరస. సిమెంటులా రాత్రికి రాత్రి బిగిసేది కాదిది. గాలిలోంచి కార్బన్ డయాక్సైడు పీల్చుకుని నెమ్మదిగా, నెలల తరబడి రాయిగా మారుతుంది. వసారా గోడ పడమటెండకి రెండో వరస ఒక్క మధ్యాహ్నంలో ఎండిపోయి వెంట్రుకల్లాంటి బీటలు ఇచ్చింది. తప్పు మాదే, ఎండ తగ్గాక వెయ్యమని మేస్త్రి అంటే నా రైలు టైమైపోతోందని తొందరపెట్టాను. గీకేసి మళ్లీ వేశారు. ఈసారి తడి గోనె సంచులు వేలాడదీసి రోజుకి నాలుగుసార్లు నీళ్లు చల్లారు. పైన మూడు పలచటి చేతుల వెల్ల. గోడ అడుగున జానెడు జాజు పట్టీ, అమ్మ కోరిక.

ఇక గచ్చు. టైల్స్ లేపితే వసారాలో పాత ఎర్ర గచ్చు దాదాపు చెక్కుచెదరకుండా బయటపడింది. ఆ రోజు అమ్మ మొహం చూడాలి. కానీ నడవలో టైల్స్ పట్టు దొరకాలని 2011లో గచ్చంతా ఉలితో గాట్లు పెట్టేశారు, అది దక్కలేదు. అక్కడ కొత్తగా తీయించాం. ఇసక సిమెంటు మాలు మీద, మూడు పాళ్ల సిమెంటుకి ఒక పాలు రెడాక్సైడు పొడి కలిపి పలచటి పొర వేసి, తాపీతో నూరి నూరి అద్దంలా తేల్చాలి. అది ఒక్క మనిషి ఒక్క ఊపులో చెయ్యాలి, మధ్యలో చెయ్యి మారితే రంగు మచ్చ పడుతుంది. మేస్త్రి పొద్దున్న ఆరింటికి మొదలుపెట్టి, భోజనానికి లేవకుండా, వెనక్కి వెనక్కి జరుగుతూ సాయంత్రానికి గుమ్మం దాటాడు. వారం రోజులు దాని మీద నీళ్లు నిలబెట్టాం. అమ్మ అంతా చూసి "సిమెంటు ఊడదీయడానికి రెండు లక్షలు పెట్టావు, మళ్లీ ఇదీ సిమెంటేగా?" అంది. నిజమే. గోడకి ఊపిరాడాలి, నేల మీద కాళ్లు జారకుండా తుడుచుకోవడానికి వీలుండాలి అని ఏదో సర్దిచెప్పాను. ఆవిడ నమ్మలేదు గానీ, రోజూ కొబ్బరినూనె చుక్కలేసి గుడ్డతో తుడిచేది మాత్రం ఆవిడే.

వంటింట్లో నేను గెలిచింది ఒక్కటే, పొయ్యి గట్టు. కడప బండ పాతదే ఉంచి ఎత్తు తగ్గించాం. అమ్మ అయిదడుగులు కూడా ఉండదు. 2011లో అందరిళ్లల్లో లాగా 34 అంగుళాలు పెట్టించాను, పదకొండేళ్లు ఆవిడ భుజాలెత్తి గరిటె తిప్పింది, నాతో ఒక్కమాట అనలేదు. ఈసారి ఆవిణ్ణి నిలబెట్టి మోచేతికి కాస్త కిందగా కొలిచి 30 అంగుళాలకి దింపించాను. పొయ్యి మీద కప్పులో రెండు అద్దం పెంకులు వేయించాం. పొద్దున్నపూట లైటు అక్కర్లేదు.

ఓడిపోయినవి చాలా ఉన్నాయి. తాతయ్య భోషాణం వసారాలోకి తెచ్చి దాని మీద పరుపేసి కూర్చునేలా చేస్తే ఒప్పుకుంది. ఇత్తడి గంగాళంలో మనీప్లాంటు పెడదామంటే మాత్రం "నీకు పురిటి నీళ్లు కాచిన గంగాళం అది, మట్టి పోస్తావా?" అని లాక్కుంది.

తోట సంగతి ఆగస్టులో. కారేసుకుని రావులపాలెం మీదుగా జొన్నాడ వంతెన దాటి కడియపులంక వెళ్లాను. అక్కడికి జాబితా రాసుకోకుండా వెళ్లకూడదు. హైవే పక్కన మైళ్ల తరబడి నర్సరీలు, ఏది చూసినా కావాలనిపిస్తుంది. ఫోటోల్లో చూసిన ఆకుల మొక్కలు, రంగురంగుల క్రోటన్లు, ఒక పొట్టి వెదురు, కుండీలతో సహా 14 తెచ్చాను. కొబ్బరి పొట్టు కడగకుండా కుండీల్లో నింపాను, అందులో ఉప్పుంటుందని తర్వాత తెలిసింది. రెండు నెలలకి అయిదు మిగిలాయి. ఈలోగా అమ్మ చప్పుడు చేయకుండా తన పని చేసుకుంది. కొత్తగా పెట్టిన వాటం ప్రకారం నూతి నీళ్లు ఇప్పుడు గోడకి దూరంగా ప్రహరీ వైపు పోతాయి, ఆ మూల అరటి, దాని కింద చేమదుంపలు. వంటింటి కిటికీ కింద గోడకి రెండడుగులు వదిలి కరివేపాకు, కనకాంబరాలు. పాదుల చుట్టూ కొబ్బరి డొక్కలు బోర్లించింది, ఎండకి మట్టి ఆరకుండా. మా వైపు డొక్కలకి కొదవేముంది. అంతటికీ కలిపి ఆవిడకైన ఖర్చు సున్నా. నర్సరీ బిల్లు నా దగ్గర ఇంకా ఉంది, ఎంతో రాయను.

మొత్తం మీద మూడున్నర లక్షలనుకున్నది అయిదు దాటింది. తమ్ముడు వీడియో కాల్లో ఇల్లంతా తిరిగి చూసి "అక్కా, ఇది పాత ఇల్లులాగే ఉందే" అన్నాడు. "అవున్రా" అన్నాను.

పూత వేయించిన రోజునే పడమటింటి గోడ మీద, పాత గీత ఉన్న ఎత్తులోనే, మళ్లీ పెన్సిలు గీత గీసి 2023 జూన్ అని రాశాను. ఆ వర్షాకాలమంతా ఫోన్లో నా మొదటి ప్రశ్న అదే, గీత దాకా వచ్చిందా అని. జూలైలో రాలేదంది. సెప్టెంబరులో కింద బెత్తెడు మేర నీడలా తడి కనబడుతోంది, రెండెండలు కాస్తే పోతోందంది. ఈశాన్యం మూల మాత్రం ఇంకా ఆరలేదు, మేస్త్రి వచ్చే వేసవికి చూద్దామన్నాడు. డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు భయపడుతూ అడిగితే "పడుకోనీవే, బానే ఉంది" అంది.

సంక్రాంతికి వెళ్లి సంచి కింద పెట్టకుండానే పడమటింట్లోకి వెళ్లాను. గోడ తెల్లగా ఉంది. గీత లేదు, తారీకు లేదు.

"పండక్కి వెల్ల వేయించాను" అంది అమ్మ వెనక నించి. "గోడ మీద ఆ పిచ్చి రాతలేంటే, చుట్టాలొస్తుంటే."